పట్టపగటి మంట

తొమ్మిదో రోజు

ఇదిగో పెట్టె, నేను మాట్లాడతాను, నువ్వు రాయి. నా మాట దిద్దకు. మొన్న ఒక ముక్క చెప్పి తిరిగి చదవమంటే ‘దురదృష్టవశాత్తు మరణించెను’ అని చదివావు. నేను అలా అన్నానా? మా కోడలు కాలి చచ్చిపోయింది అన్నాను. అదే రాయి.

నా పేరు పల్లాలమ్మ. డెబ్బై నాలుగేళ్ళు. చదువు రాదు. తూర్పు మంచె మీద సారా బట్టీ నాది. నాది అంటే ఊరిదే, కానీ నలభై ఏళ్ళుగా దాని మూత బిగించేదీ నేనే, తీసేదీ నేనే. ఊరు మునిగి, స్తంభాల మీద మంచెలేసుకుని నీళ్ళ మీదికి లేచినప్పటి నుంచి పడవ కదిలినా, ఆసుపత్రిలో కత్తి కడిగినా, ఏ ఇంట్లో గంజి కాగినా నా బట్టీలో దిగిన సారాతోనే. పెట్రోలు అనే మాట మా అమ్మమ్మ నోట విన్నాను. దాని వాసన ఎలా ఉంటుందో ఆవిడకీ తెలీదు.

ఆ సారా ఎవరూ తాగకూడదు. అది ఇక్కడి మొదటి కట్టుబాటు. తాగినవాడిని కొట్టరు, కట్టెయ్యరు. చచ్చాక చెట్టు ఇవ్వరు, అంతే.

మనిషి పోతే కాల్చడానికి మాకు కట్టె లేదు, పూడ్చడానికి నేల లేదు. దక్షిణాన మట్టి దిబ్బ ఒక్కటి మిగిలింది. పోయినవాళ్ళ పేరున నలభై రోజుల్లోపు అక్కడ ఒక తాటి టెంక పాతుతారు. అది చెట్టవుతుంది, ఏళ్ళు గడిచాక కల్లు ఇస్తుంది, ఆ కల్లు నా బట్టీకి వస్తుంది. మా ఆయన చెట్టు కల్లు ఆరేళ్ళుగా కాస్తున్నాను. మా అబ్బాయి చెట్టు ఇంకా నా మోకాలెత్తుంది.

ఆ అబ్బాయి పెళ్ళామే మరిడి. దానికి చెట్టు లేదన్నారు. చావు కాగితంలో ‘తాగి, తూలి, నీళ్ళలో పడి మృతి’ అని ఉందట. నాకోసం చదివి పెట్టిన అమ్మాయి ఆ ముక్క దగ్గర గొంతు తగ్గించింది. నేను మళ్ళీ గట్టిగా చదివించుకున్నాను.

ఆ ‘తాగి’ అన్న మాట తీసెయ్యాలి. నా కేసు అదే. ఇంకేమీ అడగను. టెంక ఏరి పెట్టుకున్నాను, మట్టికుండలో తడి ఇసక పోసి అందులో దాచాను. నలభై రోజుల్లో తొమ్మిది అయిపోయాయి.

పన్నెండో రోజు

బట్టీ ఎలా నడుస్తుందో చెబుతాను. తీర్పు చెప్పే అయిదుగురిలో ఒక్కరూ నా గుమ్మం తొక్కలేదు కాబట్టి చెప్పాలి.

పులిసిన కల్లు రాగి బానలో పోస్తాను. నిండా పొయ్యను, మూడో వంతు ఖాళీ వదుల్తాను. నిండా పోస్తే నురగ పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది. గొట్టం పూడుకుందంటే ఆ బాన పక్కన నిలబడ్డవాళ్ళ పని అయిపోయినట్టే. నీళ్ళకంటే సారాకి తొందర ఎక్కువ. నీళ్ళు ఇంకా మరగకముందే సారా ఆవిరై లేచిపోతుంది. ఆ ఆవిరి గొట్టంలో పోయి, చల్లనీళ్ళ తొట్టిలో మునిగి, బొట్టుబొట్టుగా దిగుతుంది. మొదట దిగే దోసెడూ విషం, కళ్ళు పోతాయి. దాన్ని విడిగా పట్టి ఇంజన్లకి ఇస్తాం.

దారి తప్పిన ఆవిరి పైకి పోతుందనుకుంటారు అందరూ. పోదు. గాలికంటే బరువు అది. నేల పట్టుకుని పాకుతుంది. గడప దాటి, ఎక్కడో పదడుగుల దూరాన ఉన్న నిప్పుని వెతుక్కుని, ఒంటి నిండా మంటతో వెనక్కి వస్తుంది. అందుకే నా బట్టీలో నిప్పు ఉండదు. కప్పు మీద అద్దాలు పెట్టి ఎండతో నీళ్ళు కాస్తాను. కాగిన నీళ్ళు గొట్టంలో దిగి బాన చుట్టూ తిరుగుతాయి. వేడి పైన, సారా కింద, మధ్యన ఇనుప కప్పు. నలభై ఏళ్ళలో నా బట్టీలో ఒక్క వెంట్రుక కాలలేదు.

ఈ ఏడు మబ్బు పట్టి వదల్లేదు. అద్దాలు ఊరికే ఆకాశం చూస్తూ కూర్చున్నాయి. పడవలకి సారా చాల్లేదు. అప్పుడు గట్టు నుంచి, అంటే సర్కారు ఉండే ఒడ్డు నుంచి వచ్చిన ఇంధన అధికారి, ఉమాపతి అని, సారా స్టవ్ ఒకటి తెచ్చి బాన కింద పెట్టాడు.

“మబ్బు తీసేదాకా పడవలు ఆపలేం మామ్మగారూ. ఆసుపత్రికి మందులు రావాలా, వద్దా?” అన్నాడు.

“సారా కాచే చోట సారా పొయ్యి పెడతావా? నీకు పెళ్ళయిందా బాబూ?”

“అయిందండి.”

“ఆవిడతో చెప్పే వచ్చావా?”

నవ్వాడు. మంచివాడే, పళ్ళు తెల్లగా ఉంటాయి. వాసన పట్టే యంత్రం ఒకటి తెచ్చి కప్పుకి వేలాడదీశాడు. “ఆవిరి లేచిందంటే ఇది కూస్తుంది. మీరు నిశ్చింతగా ఉండండి.”

“ఆవిరి లేవదు నాయనా, పాకుతుంది. నీ ముక్కు తీసి గడప పక్కన పెట్టు.”

“పుస్తకంలో ఎత్తున పెట్టమని ఉందండి.”

ఆ పుస్తకం సారా కోసం రాసింది కాదట. వేరే ఏదో తేలిక గాలి కోసం రాసిందట. అది తర్వాత తెలిసింది. ముక్కు ఇప్పటికీ కప్పుకే వేలాడుతోంది, సాలీడు దాని మీద కాపురం పెట్టింది.

సరే, స్టవ్ పెట్టావు, అందులో చిటికెడు ఉప్పు వెయ్యనీ అన్నాను. ఆ ఉప్పు సంగతి జాగ్రత్తగా రాయి పెట్టె, కేసంతా దాని మీదే ఉంది. ఉత్త సారా మంట లేత నీలంగా ఉంటుంది, ముంజేతి మీద నరంలాగ. నీడలో అయితే కనబడుతుంది. ఎండ పడిందా, అది కూడా ఉండదు. మండుతూనే ఉంటుంది, కళ్ళకి కనబడదు. చిటికెడు ఉప్పు వేస్తే పసుపుపచ్చగా లేస్తుంది, గుడ్డివాడికి తప్ప అందరికీ తెలుస్తుంది. అందుకే ఇళ్ళకి పంపే సారాలో ఉప్పు వేసేదాన్ని, పడవల సారాలో వేసేదాన్ని కాదు.

రెండేళ్ళ కిందట ఎవరో డబ్బాలు మార్చేశారు. ఉప్పు సారా పడవలోకి పోయి, ఇంజను పూడుకుని, ఇద్దరు మనుషులు రెండు రోజులు సముద్రంలో కొట్టుకుపోయారు. అది అబద్ధమనను. దాన్ని పట్టుకునే ఉమాపతి ఇప్పుడు ఊళ్ళో ఏ సారాలోనూ ఉప్పు ఉండకూడదని కట్టుబాటు పెట్టాడు. నా గుమ్మం పైనున్న ఉప్పు ముంత తన చేతుల్తో తీసుకుపోయాడు.

పదహారో రోజు

ఈ రోజు గవర్రాజు దగ్గరికి వెళ్ళొచ్చాను. ముందు ఆ రోజు సంగతి చెప్పి, తర్వాత ఇది చెబుతాను.

ఆ రోజు పొద్దున్న మబ్బు చీలింది. పదిహేడు రోజుల తర్వాత ఎండ. స్టవ్ ఆపెయ్యమని ఉమాపతికి కబురు పెట్టాను. నీళ్ళు కాగేసరికి మధ్యాహ్నం అవుతుంది, అందాకా ఆపొద్దన్నాడు. నేను కప్పెక్కి అద్దాలు తుడుస్తున్నాను. కింద మరిడి ఉంది. ఒంటి మీద తడి గోనె ఉంది. బట్టీలో అడుగు పెడితే తడి గోనె కట్టాలి, అది నా కట్టుబాటు, దానికి మహా విసుగు. “నీ గోనె కంపు నా పీకకి పట్టుకుందే ముసలీ” అనేది. మనసు బాగున్నప్పుడు అత్తా అనేది. పదకొండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఏడేళ్ళు దెబ్బలాడుకున్నాం. అలిగి మాట్లాడుకోని రోజులన్నీ పోగేస్తే మిగిలిన నాలుగేళ్ళు.

పదకొండు గంటలవేళ తలుపులోంచి ఎండ తిన్నగా స్టవ్ మీద పడింది. మంట వెలుగుతూనే ఉంది, కనబడటం మానేసింది. ఆరిపోయిందనుకుంది మరిడి. డబ్బా వంచి సారా పోసింది.

మండే పొయ్యిలో సారా పోస్తే మంట ఆ ధార పట్టుకుని డబ్బాలోకి ఎక్కుతుంది. డబ్బా కక్కేస్తుంది. నాకు పైనుంచి భుస్సుమని ఒక్క చప్పుడు వినబడింది, అంతే. వంగి చూసేసరికి అది మంచె మీదికి వచ్చేసింది. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. నాకూ మంట కనబడలేదు. కానీ దాని చుట్టూ గాలి వణుకుతోంది. నాకు తెలిసిపోయింది.

మంచెల స్తంభాల మీద కళ్ళున్నాయి కదా, ఎవరెలా నడుస్తున్నారో చూసి చెప్పే యంత్రాలు. మా స్తంభం మీద కన్ను ఊరంతా వినేటట్టు చెప్పింది. “తూర్పు మంచె. మరిడి. నడక: మత్తు. నూటికి తొంభై ఏడు.”

నేను నిచ్చెన దిగేలోగా అది అంచు దాటి నీళ్ళలో పడింది. పోటు మీదుంది సముద్రం. ఒళ్ళు దొరకలేదు. కాలిన ఒళ్ళు దొరికి ఉంటే నాకీ గొడవే ఉండేది కాదు.

బట్టీలో మసి లేదు కాబట్టి మంట లేదన్నారు. సారా మంటకి మసి ఉండదు. ముక్కు కూయలేదు కాబట్టి ఏమీ కాలేదన్నారు. లోపల ఇంకా మండుతున్న పొయ్యి ఆర్పినప్పుడు నా అరచేతికి లేచిన బొబ్బలు చూపిస్తే బాన తగిలి ఉంటుందన్నారు. బాన తగిలితే బొబ్బ ఎలా వస్తుందో నాకు తెలీదూ?

గవర్రాజు వలలు బాగుచేసే మనిషి. ఎదురు మంచె. ఆ రోజు అతనూ ఇంకో ముగ్గురూ అక్కడే కూర్చుని ఉన్నారు. పడవ అడిగి వెళ్ళాను.

“ఏం చూశావు గవర్రాజూ?”

“ఇప్పుడెందుకులే పిన్నీ.”

“ఏం చూశావు?”

“చేతులు విదిలించింది. ఒళ్ళు చరుచుకుంది. గుండ్రంగా తిరిగింది. కన్ను చెప్పింది కదా మత్తని. మేం చిందులేస్తోందనుకున్నాం.”

“నవ్వారా?”

వల కింద పెట్టాడు.

“నవ్వారా అని అడుగుతున్నాను.”

“చప్పట్లు కొట్టాం పిన్నీ.”

కింద నీళ్ళు స్తంభాలకి కొట్టుకుంటున్నాయి.

“అరవలేదా అది?”

“నోరు తెరిచింది. పాడుతోందనుకున్నాం.”

నోట్లోకి మంట పోతే గొంతెక్కడ లేస్తుంది? అతనికి చెప్పలేదు. చెబితే ఆ మనిషి మళ్ళీ అన్నం తినడు. నాకు సాక్షి కావాలి, చచ్చిన సాక్షి వద్దు.

“విచారణకి వచ్చి మంట అని చెబుతావా?”

“మంట చూడలేదు కదా పిన్నీ. చూడనిది చూశానని ఎలా చెప్పను?”

ఊరంతా చూడనివి చెబుతోంటే, నిజం తప్ప చెప్పని మొనగాడు నా వాటాకి వచ్చాడు.

ఇరవై మూడో రోజు

ఓడిపోయాను. ఎలా ఓడిపోయానో రాయి, సిగ్గేం లేదు.

విచారణ సభ మంచె మీద. పైన దట్టంగా తాటాకు కప్పు, చుట్టూ తడికలు. పగలే దీపం పెట్టుకోవాలి. అయిదుగురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో ఇందుమతిగారు, నా తోటిదే, చిన్నప్పుడు ఒకే పడవలో రొయ్యలు పట్టాం. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను మామ్మా అంటుంది.

నేను ఇత్తడి పళ్ళెం తీసుకెళ్ళాను. రెండు చెంచాల సారా పోశాను. డబ్బా మూత బిగించి బయట పెట్టించాను, పక్కన తడి గోనె పెట్టుకున్నాను, చెంగు దోపుకున్నాను. “చూడండి, సారా మంట కళ్ళకి కనబడదు” అని వెలిగించాను.

చక్కగా కనబడింది. నీలంగా, ముచ్చటగా, నాట్యమాడుతూ.

ఎండ లేదు కదా! ఎండ కావాలి కదా! నలభై ఏళ్ళ నుంచి తెలిసిన ముక్క, కోపంలో, తొందరలో, మర్చిపోయాను. మబ్బు పట్టిన రోజున, చీకటి సభలో, కనబడని మంట చూపిస్తానని కూర్చున్నాను.

“కనబడుతోంది కదండీ మామ్మగారూ” అన్నాడు ఉమాపతి. వెక్కిరించలేదు, జాలిగా అన్నాడు. వెక్కిరిస్తే బాగుండేది. వెనక ఎవరో నవ్వారు. “ముసలామె కూడా కాస్త పుచ్చుకుని వచ్చినట్టుంది” అని ఇంకొకడు.

“బయట, ఎండలో చూపిస్తాను” అన్నాను.

“ఎండేదీ?” అంది ఇందుమతి.

“వచ్చేదాకా ఆగండి.”

“ఒక చావుకి ఒకటే విచారణ. నీకు తెలుసు కదా మామ్మా. ఇంటికెళ్ళి పడుకో.”

పళ్ళెం మీద మూత పెట్టి మంట ఆర్పి, చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. వాళ్ళు లేచి వెళ్ళిపోయినా నిలబడ్డాను. వేడి పళ్ళెం చంకలో పెట్టుకుని పరిగెత్తే రకం కాదు నేను.

ముప్ఫై ఒకటో రోజు

మబ్బు.

కుండలో ఇసక తీసి చూశాను. టెంక మొలిచింది. తెల్లటి మొలక, నా వేలంత, కిందికి దిగుతోంది. తాటి మొలక పైకి లేవదు, ముందు భూమిని వెతుక్కుంటూ కిందికి పోతుంది. నా కుండలో భూమి ఎక్కడుంది? అడుగు తగిలి పక్కకి తిరిగింది.

పొద్దున్నే లేవడం, తూర్పు చూడటం, బట్టీకి పోవడం. ఇంకెవరికీ పని రాదు కాబట్టి నన్ను తియ్యలేదు. ఆ స్టవ్ తోనే కాస్తున్నాను. డబ్బా ముట్టుకునే ముందు పొయ్యి మీద తాటాకు ముక్క పట్టుకుని చూస్తాను. మంట ఉంటే ఆకు అంటుకుంటుంది. ఉందో లేదో తెలియడానికి ఉప్పు లేనప్పుడు అదొక్కటే దారి. ఆర్పాక కూడా చెయ్యి కాలకుండా ముట్టుకోగలిగేదాకా పొయ్యను.

ఆ ఆకు ముక్క సంగతి మరిడికి నేను చెప్పలేదు.

ఉప్పు ఉన్నన్నాళ్ళూ ఆకుతో పని లేదు. ఉప్పు తీసుకుపోయిన రోజున చెప్పాల్సింది. ఆ వారం మాకు మాటల్లేవు. చేపల పులుసు దగ్గర గొడవ. చెబుదాంలే అనుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. పెట్టె, నువ్వు నా కేసు కాగితమే కదా, నీకు దాచి ఎవరిని మోసం చెయ్యను? ఆ రోజు మరిడి కింద నుంచి అరిచింది. “అత్తా, పొయ్యి ఆరిపోయింది. సారా పొయ్యనా?” అంది. వారం తర్వాత అదే మొదటి మాట. అద్దం తుడుస్తూ, తల తిప్పకుండానే, “పోసుకో మరి, నన్నడుగుతావేం” అన్నాను.

చదవకు. తిరిగి చదవొద్దు.

ముప్ఫై ఎనిమిదో రోజు

ఎండొచ్చింది.

పది గంటలకి మబ్బు పలచబడింది. పదకొండుకి నా నీడ నా కాళ్ళ దగ్గర నల్లగా పడింది. విచారణ అడిగితే ఇవ్వరు. పిలిస్తే రారు. అందుకని మంచె మధ్యలో బండ మీద పళ్ళెం పెట్టాను. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని అటు నిలబడ్డాను. ఊరంతా వచ్చేదాకా మండాలని ఈసారి సోలెడు పోసి, డబ్బా మూత బిగించి, ముప్ఫై అడుగుల అవతల పెట్టి వచ్చాను. తడి గోనె, పళ్ళేనికి మూత, ఉప్పు. ఆ ఉప్పు నా కూట్లోంచి తీసింది, అది తీసుకునే హక్కు ఉమాపతికి లేదు. పొడుగాటి పుల్లతో వెలిగించాను. ఆకు ముక్క పట్టుకుని చూశాను, అంటుకుంది. అప్పుడు వెళ్ళి అగ్గి గంట కొట్టాను.

అగ్గి గంటకి ఊరంతా రావాలి. ఒట్టినే కొడితే పని తీసేస్తారు.

వచ్చారు. ఇసక బకెట్లతో, గోనెలతో, పడవలు గుద్దుకుంటూ వచ్చారు. ఇందుమతి కూడా అద్దాలు చేత్తో పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

“ఎక్కడ? అగ్గి ఎక్కడ?”

“ఇక్కడే ఉంది. చూడండి” అన్నాను.

చూశారు. ఎండలో ఇత్తడి పళ్ళెం మెరుస్తోంది. ఇంకేం లేదు.

“ఎక్కడే పల్లాలూ?” అంది ఇందుమతి. యాభై ఏళ్ళయింది నన్ను ఆ పేరుతో పిలిచి.

“పళ్ళెంలో. మండుతోంది. దగ్గరికి రాకండి.”

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పాపం, మతి పోయింది అన్న చూపు. నాకు ఆ చూపు అలవాటైపోయింది. ఉమాపతి జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు.

“మామ్మగారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ ఒట్టినే గంట కొట్టడం నేరం. ఈ పళ్ళెం ఖాళీ.”

“ఖాళీ కాదు బాబూ. మండుతోంది. చెయ్యి పెట్టకు.”

“ఏమీ లేదండీ ఇందులో.”

“చెయ్యి పెట్టకు. కాలుతుంది. మూడోసారి చెబుతున్నాను.”

అతను జనం వైపు తిరిగి, అందరికీ కనబడేటట్టు, అరచెయ్యి పళ్ళెంలో పెట్టాడు.

ఆపగలిగేదాన్నే. నా చెయ్యి అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఒక్క రెప్పపాటు ఆలస్యం చేశాను. అది కూడా రాయి.

కేక పెట్టి వెనక్కి ఎగిరాడు. చేతికి సారా అంటుకుంది కదా, ఆ చెయ్యి మండుతోంది, మంట కనబడదు. విదిలించాడు, తొడకేసి కొట్టుకున్నాడు, గుండ్రంగా తిరిగాడు, నలుగురి మీద పడ్డాడు. జనం కంగారుగా వెనక్కి తగ్గారు, ఎందుకు అరుస్తున్నాడో ఎవరికీ తెలీదు. అప్పుడు పైనుంచి కన్ను పలికింది.

“తూర్పు మంచె. ఉమాపతి. నడక: మత్తు. నూటికి తొంభై ఆరు.”

ఈ ముక్క నేను ముందే అనుకుని చేశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. అనుకోలేదు. కన్ను సంగతి నాకు తట్టనే లేదు. అది తన పని తను చేసింది, మరిడికి చేసినట్టే.

గోనె అతని చేతి మీద వేసి అదిమి పట్టుకున్నాను. ఆరిపోయింది. తర్వాత ఉప్పు చేతిలోకి తీసుకుని దూరం నుంచి పళ్ళెంలో చల్లాను.

పసుపుపచ్చగా లేచింది మంట. జానెడు ఎత్తున. అంతసేపూ అక్కడే ఉన్న మంట.

వెనక ఏదో పడిన చప్పుడైంది. గవర్రాజు, చేతిలో బకెట్ వదిలేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ చూసుకుంటున్నాడు. ఆ చేతుల్తో ఏం చేశాడో అతనికీ నాకూ తెలుసు.

మూత పెట్టి మంట ఆర్పాను. ఇందుమతి వైపు తిరిగాను.

“ఇద్దరి మీదా ఒకటే మాట పడింది. ఉంచితే ఇద్దరికీ ఉంచండి. తీస్తే ఇద్దరికీ తియ్యండి.”

ముప్ఫై తొమ్మిదో రోజు

ఉమాపతి చేతికి కట్టు కట్టేలోపే అతని మీద పడిన మాట తీసేశారట. యంత్రం పొరపాటు అని రాశారట. మరిడిది పాత కాగితం కాబట్టి గట్టుకి పంపాలట, అక్కడ చూడాలట, కనీసం పది రోజులట.

“నలభై రోజులు రేపటితో అయిపోతాయి” అన్నాను.

“తెలుసు పల్లాలూ” అంది ఇందుమతి. “నా చేతుల్లో లేదు.”

యాభై రెండో రోజు

కాగితం వచ్చింది. ‘తాగి’ తీసేశారు. దాని చోట ‘స్వీయ అజాగ్రత్త వలన’ అని పెట్టారు. నేను అడిగింది ఒక మాట తీసెయ్యమని. దాని చోట ఇంకొకటి పెట్టమని అడగలేదు. ఉప్పు ముంత తీసుకుపోయిన మాట అందులో లేదు. స్టవ్ లేదు, ముక్కు లేదు. పైనుంచి ‘పోసుకో మరి’ అన్న ముసలిదీ లేదు. అజాగ్రత్త అంతా ఒక్క మరిడిదే, అదొక్కతే ఆ రోజు ఆ బట్టీలో గోనె కట్టుకుని, అడిగి మరీ పోసిన మనిషి.

టెంక పాతడానికి అనుమతి కూడా ఉందట అందులో, గడువు దాటినా దయతలచి.

మీ దయ మీ దగ్గరే ఉంచుకోండి. నలభయ్యో రోజునే పాతేశాను. గవర్రాజు పడవ వేశాడు, నేను అడగలేదు, వచ్చి నిలబడ్డాడు. మొలక కుండకి చుట్టుకుపోయింది, లాగితే విరుగుతుంది. కుండ పగలగొట్టి పాతాను, మా అబ్బాయి చెట్టు పక్కనే. దాని గోనె ముక్క ఒకటి బట్టీలో మిగిలితే అది తడిపి పైన కప్పాను.

మొన్న ఉమాపతి వచ్చాడు. కట్టున్న చెయ్యి గుండెకి ఆనించుకుని, రెండో చేత్తో నా ఉప్పు ముంత తెచ్చాడు. గుమ్మం మీద పెట్టబోతే, “అంత ఎత్తున వద్దు, నాకు అందదు” అన్నాను. దించి పెట్టాడు. ముక్కు కూడా విప్పి గడప పక్కకి కట్టాడు. అది ఆ సాయంత్రమే కూసింది.

చివరి మాట ఒకటుంది, రాయి. ఆ నలభయ్యో రోజున దిబ్బ మీద మట్టి తవ్వి లేచేసరికి నాకు కాళ్ళు నిలవలేదు. రెండుసార్లు పడ్డాను. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ కూలబడ్డాను. అక్కడ కూడా ఒక కన్నుంది. “దక్షిణ దిబ్బ. పల్లాలమ్మ. నడక: మత్తు” అంది. నూటికి ఎంతో వినలేదు. గవర్రాజు చేతులు కట్టుకుని తల దించుకున్నాడు. నా కాగితం మీద ఇప్పుడు ఆ మాట ఉందట. తీసెయ్యమని అడగడానికి నా ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి నేనే చెబుతున్నాను.

పల్లాలమ్మ ఏడుస్తోంది. తాగలేదు. అలాగే రాయి.